నాన్నకి స్టేజ్ 4, నేను డాలస్‌లో. ఇప్పుడే వెళ్లాలా, ఆగాలా?

తెనాలి_అమ్మాయి
నాన్నకి పాంక్రియాస్ క్యాన్సర్ అని బయాప్సీలో తేలింది. అప్పటికే లివర్‌కి పాకిందట, ఆపరేషన్‌కి వీల్లేదన్నారు. కామెర్లు ముదిరితే పిత్తనాళంలో స్టెంట్ (చిన్న గొట్టం) వేశారు. కామెర్ల లెక్క చెప్పే బిలిరుబిన్ కిందికి దిగాక కీమో మొదలుపెడతామంటున్నారు. ఆయనకి 71 ఏళ్లు. తెనాలిలో అమ్మ, తమ్ముడు, మరదలు దగ్గరున్నారు. తమ్ముడిది ఎరువుల కొట్టు, నాట్ల సీజన్ కావడంతో వాడికి ఊపిరాడటం లేదు.

నేను డాలస్ దగ్గర ఉంటాను. హెచ్1బీ (ఇక్కడి ఉద్యోగ వీసా) పొడిగింపు వచ్చింది కానీ పాస్‌పోర్టులో వీసా స్టాంపు గడువు అయిపోయింది, బయటికి వెళ్తే కొత్తది వేయించుకునే తిరిగి రావాలి. మా ఆయన, పెద్దపాప నా వీసా మీదే ఉన్నారు. చిన్నవాడు ఇక్కడే పుట్టాడు, వాడికి ఇంకా ఓసీఐ (వీసా లేకుండా ఇండియా వెళ్లే కార్డు) తీసుకోలేదు. ఇండియా వెళ్తే మళ్లీ ఎప్పుడు తిరిగి రాగలనో ఎవరూ చెప్పలేకపోతున్నారు. అమ్మేమో "ఇప్పుడు రావద్దు, అవసరమైతే మేమే చెప్తాం" అంటోంది. ఆ అవసరం ఎలాంటిదో తలుచుకుంటే నిద్ర పట్టడం లేదు.

నాన్నకి "లోపల గడ్డ ఉంది, మందులతో కరుగుతుంది" అని మాత్రమే చెప్పారు. రోజూ ఫోన్ చేస్తే "బాగున్నానమ్మా, పిల్లలేం చేస్తున్నారు" అంటారు. నాలుగు మాటలయ్యాక ఫోన్ అమ్మకి ఇచ్చేస్తారు. ఇప్పుడే వెళ్లాలా, ఆగాలా? ఇక్కడ కూర్చుని నేను నిజంగా చేయగలిగింది ఏమైనా ఉందా? ఇలాంటిది దాటివచ్చినవాళ్లు చెప్పండి.

కృష్ణ_కాలువగట్టు
ఇప్పుడే వెళ్లండి. స్టెంట్ పడి కామెర్లు తగ్గాక మనిషి కొన్నాళ్లు తేరుకుంటాడు. అన్నం సయిస్తుంది, వీధి చివరిదాకా నడుస్తారు, పేపరు చదువుతారు. మీరు పక్కన ఉండాల్సింది ఆ రోజుల్లో. ఆఖర్న వెళితే ఆయన మగతలో ఉంటారు, ఇల్లు చుట్టాలతో నిండి ఉంటుంది, మీరిద్దరూ కూర్చుని ఒక్క మాట చెప్పుకోలేరు. అమ్మకి బాగాలేనప్పుడు మా అక్క సింగపూర్ నుంచి ముందే వచ్చి నెల్లాళ్లు ఉంది. ఆ నెలలో వాళ్లిద్దరూ చెప్పుకున్న సంగతులే ఇప్పుడు మా ఇంట్లో అందరం తలుచుకునేవి.

ఐర్వింగ్_వాసి
వెళ్లండి అనడం తేలిక, కాలువగట్టు గారూ. ఆమె ఉద్యోగం మీద ఇంటిల్లిపాదీ ఉన్నారు. నాన్నగారి వైద్యం ఖర్చూ చాలావరకు అందులోంచే అయి ఉంటుంది. 2025 సెప్టెంబర్ 2 నుంచి హెచ్1బీ వాళ్లకి డ్రాప్‌బాక్స్ (ఇంటర్వ్యూ లేకుండా కాగితాలు ఇచ్చి స్టాంపు వేయించుకోవడం) దాదాపు లేనట్టే, ఇంటర్వ్యూకి వెళ్లాల్సిందే. అదే నెలలో మెక్సికోకో కెనడాకో పోయి స్టాంపు వేయించుకునే దారీ మూశారు. డిసెంబర్‌లో సోషల్ మీడియా తనిఖీ పెట్టాక, అపాయింట్‌మెంట్ చేతిలో ఉన్నవాళ్లకి కూడా తేదీలు నెలల తరబడి వెనక్కి జరిపారు. మా టీంలో ఒకతను చెల్లెలి పెళ్లికని వెళ్లి అక్కడే ఇరుక్కుపోయాడు.

వెళ్లొద్దు అనడం లేదు. టికెట్ కొనేముందు ఇమ్మిగ్రేషన్ లాయర్‌తో మాట్లాడండి. స్టాంపింగ్ ఆలస్యమైతే ఇండియా నుంచి పని చేయనిస్తారో లేదో మేనేజర్ చేత మెయిల్‌లో రాయించుకోండి. ఐ-485 (గ్రీన్‌కార్డు ఆఖరి దరఖాస్తు) వేసి ఉంటే అడ్వాన్స్ పెరోల్ అనే ప్రయాణ అనుమతి మీద వెనక్కి రావచ్చు, అప్పుడు స్టాంపు అక్కర్లేదు.

తెనాలి_అమ్మాయి
ఐ-485 ఇంకా వేయలేదు. గ్రీన్‌కార్డు క్యూలో మా ప్రయారిటీ డేట్ 2016ది, ఇంకా మా వంతు రాలేదు.

ఐర్వింగ్_వాసి
అయితే లాయర్ ఫీజుకి వెనకాడకండి. చిన్నవాడికి ఓసీఐ కూడా ఇవాళే మొదలుపెట్టండి. అది వచ్చేలోపు వెళ్లాల్సి వస్తే వాడికి విడిగా వీసా కావాలి.

హెచ్ఆర్_అక్క
ఎఫ్ఎంఎల్ఏ, అదే ఇంట్లోవాళ్ల జబ్బుకి సెలవిచ్చే అమెరికా చట్టం, సంగతి ఎవరూ ఎత్తలేదేం? మీ ఆఫీసుకి 75 మైళ్ల లోపు కంపెనీ ఉద్యోగులు 50 మంది ఉండి, మీరు చేరి ఏడాది దాటి, గత 12 నెలల్లో 1,250 గంటలు పనిచేసి ఉంటే 12 వారాల సెలవు మీ హక్కు. జీతం రాదు. ఉద్యోగం, హెల్త్ ఇన్సూరెన్స్ మాత్రం ఉంటాయి. తల్లిదండ్రులు ఇండియాలో ఉన్నా వర్తిస్తుంది. అక్కడ వైద్యం చేస్తున్న డాక్టరు ఫారం నింపి సంతకం పెడితే చాలు. మా దగ్గరికి గుంటూరు నుంచీ వరంగల్ నుంచీ అలాంటి ఫారాలు వస్తూనే ఉంటాయి.

సెలవంతా ఒకేసారి వాడాలని లేదు. వైద్య అవసరాన్ని బట్టి ముక్కలుగా తీసుకోవచ్చు, కాబట్టి ఇప్పుడు కొన్ని వారాలు వాడి మిగతావి దాచుకోండి. అత్తమామల కోసం మాత్రం ఈ ఫెడరల్ చట్టం కింద రాదు. కాలిఫోర్నియా సొంత చట్టంలో వాళ్లకీ వస్తుంది, అక్కడ ఐదుగురు ఉద్యోగులున్న కంపెనీ అయినా ఇవ్వాల్సిందే.

ఒక్క జాగ్రత్త. 12 వారాలు దాటాక స్టాంపు రాక అక్కడే ఉండిపోతే ఈ చట్టం మిమ్మల్ని కాపాడదు. ఇంకోటి, అమెరికా బయట గడిపిన రోజుల్ని హెచ్1బీ ఆరేళ్ల గరిష్ఠ గడువు లెక్కలో తిరిగి కలుపుకోవచ్చు. బోర్డింగ్ పాసులు పారేయకండి.

ఇంటి_దగ్గరి_వాణ్ణి
నేను అవతలి వైపు నుంచి రాస్తున్నాను. ఉండేది ఏలూరు, అన్నయ్య న్యూజెర్సీలో. అమ్మకి ఓవరీ క్యాన్సర్, మూడేళ్లు నడిచింది. మీ తమ్ముడు మీకు చెప్పనివి కొన్ని ఉంటాయి, అవి చెప్తాను.

తెల్లారుజామున లేచి బయల్దేరి డే కేర్‌లో మంచం కోసం కాచుకోవడం. కొట్టు మూసిన రోజు పోయిన బేరం. ప్లేట్‌లెట్లు పడిపోతే దాతల కోసం ఊరంతా ఫోన్లు చేయడం. అర్ధరాత్రి అమ్మకి వాంతులైతే లేచి పక్కబట్టలు మార్చింది నా భార్య. ఇవేవీ వీడియో కాల్లో కనిపించవు. అన్నయ్య ఫోన్ చేసి "ఆ ఇంజెక్షన్ ఎందుకిచ్చారు, ఇంటర్నెట్‌లో వేరేలా ఉంది" అంటే నాకు ఒళ్లు మండేది.

తర్వాత మా వదిన ఒక మంచి పని చేసింది. ఇన్సూరెన్స్ వ్యవహారం మొత్తం తన మీద వేసుకుంది. క్లెయిమ్ ఫారాలు నింపడం, మెయిళ్లు, కస్టమర్ కేర్‌తో వాదనలు అన్నీ తనే. ఆమెకి రాత్రయితే ఇక్కడ ఆఫీసు టైం, చక్కగా కుదిరింది. ఆసుపత్రిలో మేం తీసుకున్న రూము పాలసీ పరిమితి దాటితే రూము తేడా ఒక్కటే కాదు, మిగతా బిల్లులోనూ అదే నిష్పత్తిలో కోస్తారని పట్టుకుంది కూడా ఆమే. అన్నయ్య పగటిపూటకి ఒక ఆయాని పెట్టించి జీతం నేరుగా ఆమె అకౌంట్‌కే పంపేవాడు. నాకు డబ్బు పంపి "నువ్వే చూసుకోరా" అంటే అది ఇంకో పని అయ్యేది. నా చేతిలోని పనిని వాళ్లు తీసేసుకున్నారు, ఆ సాయాన్ని నేను ఎప్పటికీ మర్చిపోను.

మీ మరదలికి విడిగా ఫోన్ చేయండి. నాన్న సంగతి ఆ కాల్‌లో ఎత్తొద్దు. ఆమె తిన్నదా, పడుకున్నదా అడగండి.

మెల్‌బోర్న్_శ్రీను
ఏలూరు అన్నయ్య పోస్టు మా అక్కచెల్లెళ్ల గ్రూపులో పెట్టాను. అందరూ చదివారు, ఒక్కరూ జవాబు రాయలేదు, కానీ సాయంత్రానికి అమ్మ దగ్గరున్న మా చిన్న చెల్లికి అందరి నుంచీ ఫోన్లు వెళ్లాయట.

కోనసీమ_కొబ్బరి
దూరం నుంచి చేయదగ్గది ఇంకోటి ఉంది, చుట్టాల వైద్యాన్ని ఆపడం. లక్ష్మణ ఫలం రసం, గోధుమగడ్డి, పక్క ఊళ్లో ఎవరో ఇచ్చే పసరు. మా పెదనాన్నకి వాట్సాప్‌లో వచ్చినవన్నీ తాగిస్తే అన్నానికి పొట్టలో చోటుండేది కాదు. దగ్గరున్నవాళ్లు మొహమాటానికి కాదనలేరు. మా పిన్ని బెంగళూరు నుంచి "నేను ఒప్పుకోను, నన్ను తిట్టుకోండి" అని అందరికీ చెప్పేసింది. తిట్లన్నీ ఆమెకి, ప్రశాంతత పెద్దమ్మకి. ఆవిడంటే ఇంట్లో అందరికీ గౌరవం పెరిగింది.

నైట్‌షిఫ్ట్_నర్సు
హైదరాబాద్‌లో పాలియేటివ్ కేర్‌లో, అంటే ముదిరిన జబ్బుల్లో నొప్పీ బాధా తగ్గించే విభాగంలో పనిచేస్తాను. అమ్మాయి గారూ, మీరు ఇంత రాసి నాన్నగారి నొప్పి గురించి ఒక్క మాట రాయలేదు. రాయలేదంటే ఆయన మీకు చెప్పడం లేదు. ఈ క్యాన్సర్‌లో నొప్పి పై పొట్టలో మొదలై వీపులోకి పోతుంది. వెల్లకిలా పడుకుంటే ఎక్కువ, ముందుకు వంగి కూర్చుంటే కాస్త తక్కువ. "ఎలా ఉన్నావు" అంటే ఏ నాన్నయినా బాగున్నాననే అంటాడు. రాత్రి ఎన్నిసార్లు లేచారు, ఏ పక్కకి తిరిగి పడుకుంటున్నారు అని అడగండి. సున్నా నుంచి పది వరకు నొప్పికి ఎన్ని మార్కులు వేస్తారో అడగండి.

ట్రమడాల్‌తో ఆగకపోతే మార్ఫిన్ మాత్రలు ఉన్నాయి. మార్ఫిన్ అనగానే ఇక ఆఖరు అనుకుంటారు మనవాళ్లు. అది నొప్పి మందు. కీమో చేయించుకుంటూ స్కూటర్ మీద తిరిగేవాళ్లకి కూడా ఇస్తాం, నొప్పి తగ్గితే మోతాదు తగ్గిస్తాం. దాంతోపాటు మొదటి రోజు నుంచే విరేచనానికి మందు ఇవ్వాలి, లేకపోతే మలబద్ధకం భరించలేక మనిషి మార్ఫినే మానేస్తాడు. 2014లో ఎన్‌డీపీఎస్ (మాదకద్రవ్యాల) చట్టం సవరించాక ఆసుపత్రులు గుర్తింపు తీసుకుని మార్ఫిన్ ఉంచుకోవడం సులువైంది. అయినా వీధి చివర మందుల షాపులో దొరకదు, అలా గుర్తింపు ఉన్న ఆసుపత్రికే వెళ్లాలి. హైదరాబాద్‌లో రెడ్‌హిల్స్ ఎంఎన్‌జే, వైజాగ్ అగనంపూడిలో హోమీ భాభా క్యాన్సర్ ఆసుపత్రి ఉన్నాయి. మీకు దగ్గర గుంటూరు జీజీహెచ్, అక్కడ నాట్కో ట్రస్టు కట్టించిన క్యాన్సర్ కేంద్రంలో అడిగించండి. మాత్రలకీ లొంగకపోతే సీలియాక్ ప్లెక్సస్ బ్లాక్ అని పొట్ట వెనక నరాల దగ్గర ఇంజెక్షన్ చేస్తారు. ఆ మాట మీరే ఎత్తండి, చాలాచోట్ల వాళ్లంతట వాళ్లు చెప్పరు.

పాంక్రియాస్ దెబ్బతింటే కొవ్వు అరగదు. విరేచనం జిడ్డుగా, నీళ్ల మీద తేలుతూ ఉందంటే ఎంజైము క్యాప్సూల్స్ కావాలి. అన్నంతో పాటే వేసుకోవాలి, తిన్న గంటకి వేసుకుంటే లాభం లేదు. బరువు పడిపోవడానికి ఇదో పెద్ద కారణం.

ఇక భయపడాల్సిన సంగతి. స్టెంట్ ఉన్న మనిషికి వణుకుతో జ్వరం వచ్చినా, కీమోలో ఉన్న మనిషికి 100.4 డిగ్రీలు వచ్చినా తెల్లారాక చూద్దాం అనుకోకూడదు, ఆ రాత్రే ఆసుపత్రికి పోవాలి. ఒక కాలు మాత్రమే వాచినా అదే రోజు చూపించాలి, ఈ జబ్బులో రక్తం గడ్డకట్టడం ఎక్కువ. ఏ ఆసుపత్రి, ఎవరి కారు, ఫైలు ఏ అరలో ఉంది, ఇవన్నీ రాసి ఫ్రిజ్ మీద అంటించమని మీ తమ్ముడికి చెప్పండి.

తెనాలి_అమ్మాయి
మీరు రాసినట్టే అడిగాను. కొన్నాళ్లుగా మంచం మీద పడుకోవడమే లేదట. హాల్లో పడక్కుర్చీలో ముందుకు వాలి కూర్చునే తెల్లవారుస్తున్నారు. "అమ్మకి చెప్పకు, కంగారుపడుతుంది" అన్నారు. అమ్మేమో "టీవీ చూస్తూ అక్కడే నిద్రపోతున్నారు" అనుకుంటోంది. మందుల చీటీ తెప్పించుకుని చూశాను. నొప్పికి పారాసిటమాల్ ఒక్కటే ఉంది, ఎంజైములు అసలు లేవు. రేపు తమ్ముడు గుంటూరు తీసుకెళ్తున్నాడు.

నైట్‌షిఫ్ట్_నర్సు
చూశారా, డాలస్ నుంచి ఎంత పని చేశారో.

రాజమండ్రి_రవి
ఒక్క మాట. ఆయనకి గడ్డ అని చెప్పి మీవాళ్లు మంచి పనే చేశారు, దాన్ని చెడగొట్టకండి. మా మామయ్యకి డాక్టరు ముఖం మీదే చెప్పేశాడు. ఆ రోజు నుంచి గోడవైపు తిరిగి పడుకున్నాడు, అత్తయ్యతో కూడా మాట్లాడలేదు. ధైర్యం పోయాక మందు ఏం పనిచేస్తుంది?

కరీంనగర్_బిడ్డ
రవి గారూ, మా ఇంట్లో దీనికి పూర్తిగా వేరేగా జరిగింది. మా బాపు రిటైర్డ్ హెడ్మాస్టరు. ఆసుపత్రి గేటు మీద అంత పెద్ద అక్షరాలతో క్యాన్సర్ అని రాసి ఉంటే చదవలేరా? మేమంతా ఆయన ముందు నవ్వుతూ తిరిగాం, ఆయన మా ముందు ఏమీ తెలియనట్టే ఉన్నాడు. పోయాక బీరువాలో ఒక నోటుబుక్కు దొరికింది. పాసు పుస్తకాలు ఎక్కడున్నాయి, ఎవరికి ఎంత ఇవ్వాలి, అమ్మ బీపీ మందు ఏ షాపులో తేవాలి, అన్నీ తారీఖులు వేసి రాసుకున్నాడు. మొదటి తారీఖు బయాప్సీ అయిన వారానిది. ఇంట్లో ఇంతమందిమి ఉండి కూడా అదంతా ఆయన ఒక్కడే మోశాడు. ఎవరి నాన్నకీ అలా జరగకూడదని రాస్తున్నాను.

రాజమండ్రి_రవి
మీ బాపు గట్టి మనిషి. మా మామయ్య అలాంటివాడు కాదు. అందరికీ ఒకే కొలత పెట్టలేం.

నైట్‌షిఫ్ట్_నర్సు
అందుకే ఆయన్నే అడగమంటాను. "నాన్నా, రిపోర్టుల సంగతి నీకు వివరంగా చెప్పమంటావా, తమ్ముడు చూసుకుంటే చాలా?" అంతే. కొందరు "మీరే చూసుకోండి" అంటారు, వాళ్లని అక్కడితో వదిలేయాలి. కొందరు "నాకెంత కాలం ఉంది" అని సూటిగా అడుగుతారు. కరిగిపోతుంది అని మాత్రం మళ్లీ మళ్లీ చెప్పకండి. కీమో రెండు విడతలయ్యాక ఒళ్లు తగ్గిపోతుంటే ఆయనకి ఇంట్లో ఎవరి మాట మీదా నమ్మకం ఉండదు.

గుంటూరు_ఐసీయూ
ఐసీయూలో డాక్టర్ని. అమెరికా వైద్య పత్రికల్లో 1991 నుంచే "కాలిఫోర్నియా నుంచి వచ్చిన కూతురు" అనే మాట ఉంది. దగ్గరున్నవాళ్లూ డాక్టర్లూ కలిసి ఒక నిర్ణయానికి వచ్చాక, దూరం నుంచి బిడ్డ దిగి "అదేం కుదరదు, ఉన్నవన్నీ చేయండి, వెంటిలేటర్ పెట్టండి" అంటుంది. మా వార్డుకి ఆ బిడ్డ నిజంగానే కాలిఫోర్నియా నుంచి వస్తుంటుంది, కొడుకైనా సరే. అది ప్రేమే, నాకు అందులో అనుమానం లేదు. కానీ లివర్‌కి పాకిన క్యాన్సర్‌కి వెంటిలేటర్ మందు కాదు. గొట్టం వేశాక ఆయన మాట్లాడలేరు. ఇంట్లోవాళ్లని రోజుకి కాసేపే లోపలికి పంపుతారు.

కాబట్టి ఇంటికి వచ్చినప్పుడు నలుగురూ కూర్చుని ఆ సంగతి తేల్చుకోండి. ఆయన చెప్పగలిగితే ఆయన నోటే వినండి. ఆఖరి దశలో ఏ వైద్యం వద్దో ముందే రాసిపెట్టే లివింగ్ విల్‌ని సుప్రీంకోర్టు 2018లోనే ఒప్పుకుంది. 2023 జనవరిలో పద్ధతి తేలిక చేసింది, ఇప్పుడు ఇద్దరు సాక్షుల ముందు రాసి నోటరీ చేతో గెజిటెడ్ అధికారి చేతో సంతకం పెట్టిస్తే సరిపోతుంది, మేజిస్ట్రేటు దగ్గరికి పోనక్కర్లేదు. ఆంకాలజిస్టుని కూడా సూటిగా అడగండి, ఈ కీమో ఆయుష్షు కోసమా, బాధ తగ్గడానికా, ఏ గుర్తు కనిపిస్తే ఆపేస్తారు అని. మూడు ప్రశ్నలు కాగితం మీద రాసి మీ తమ్ముడి చేత పంపండి, ఓపీలో మీరు వీడియోలో ఉండండి. వాట్సాప్‌లో పేజీలకు పేజీలు పంపితే ఏ డాక్టరూ చదవలేడు.

కృష్ణ_కాలువగట్టు
దీనికి నాదో చేర్పు. నాన్నగారి బ్యాంకు అకౌంట్‌లో అమ్మగారి పేరు ఐదర్ ఆర్ సర్వైవర్‌గా (ఇద్దరిలో ఎవరైనా డబ్బు తీసుకునేలా) చేర్పించండి, ఆయన సంతకం పెట్టగలిగినప్పుడే. నామినీ ఉన్నారు కదా అనుకుంటారు. ఆయన బతికుండి ఆసుపత్రిలో ఉంటే నామినీకి పైసా ఇవ్వరు. మా వీధిలో ఒకావిడ, భర్త అకౌంట్‌లో లక్షలుండగా ఆసుపత్రి అడ్వాన్సు కోసం గాజులు తాకట్టు పెట్టింది.

మెల్‌బోర్న్_శ్రీను
ఎవరూ ఎత్తని మాట నేను ఎత్తుతాను. నేను ఒక్కగానొక్క కొడుకుని. మా నాన్న పోవడానికి ముందే బాబాయిని పిలిచి "వీడు వచ్చేదాకా నన్ను ఫ్రీజర్ బాక్సులో ఉంచొద్దు, కొరివి నువ్వు పెట్టు, వాడు పెద్దకర్మకి వస్తాడు" అని చెప్పారు. నాకు ఫోన్‌లో కూడా ఆయనే చెప్పారు. అప్పుడు చాలా ఏడ్చాను. తర్వాత ఆలోచిస్తే ఆ ఒక్క మాటతో నన్నూ బాబాయినీ ఎంత మాట పడకుండా కాపాడారో తెలిసింది. మీ తమ్ముడు అక్కడే ఉన్నాడు కాబట్టి మీకు ఆ చిక్కు లేదు. కొడుకులందరూ బయటే ఉన్న ఇళ్లలో మాత్రం దీన్ని ముందే మాట్లాడుకోవాలి.

హెచ్ఆర్_అక్క
మీ నాన్నగారు గొప్ప మనిషి, శ్రీను గారూ.

కువైట్_రాయచోటి
మీవన్నీ రోజూ చదువుతున్నాను. నేను కువైట్‌లో కంపెనీ డ్రైవర్ని. మా అమ్మకి గర్భసంచి ముఖద్వారం క్యాన్సర్, బాగా ముదిరింది. ఇక్కడ 12 వారాల సెలవు లాంటివేం లేవు. 2025 జూలై 1 నుంచి ఆర్టికల్ 18 (ప్రైవేటు కంపెనీ వీసా) వాళ్లం దేశం దాటాలంటే కంపెనీ ఎగ్జిట్ పర్మిట్ ఒప్పుకోవాలి. వేసవిలో మనుషులు చాలరని మావాళ్లు ఒప్పుకోలేదు. నేను వెళ్తే ఇంటికి డబ్బు ఆగుతుంది, ఉంటే అమ్మని చూడలేను. ఊళ్లో చెల్లెలు ఒక్కతే చూసుకుంటోంది. ఇలాంటివాళ్లం ఏం చేయాలి?

ఇంటి_దగ్గరి_వాణ్ణి
అన్నా, అమ్మకి ఎన్టీఆర్ వైద్య సేవ కార్డు ఉందా? పాత ఆరోగ్యశ్రీయే అది. 70 దాటి ఉంటే ఆదాయంతో సంబంధం లేకుండా ఆయుష్మాన్ వయ వందన కార్డు కూడా వస్తుంది, ఏడాదికి 5 లక్షల వరకు.

కువైట్_రాయచోటి
వైద్య సేవ ఉంది, రేడియేషన్ దాని మీదే అయింది. ఇక చేసేది లేదని ఇంటికి పంపేశారు. ఇప్పుడు బాధంతా నొప్పితోనే. ఇంకో సంగతి కూడా ఉంది, రాయడానికి కష్టంగా ఉంది. వాసన వస్తోందని పక్కింటివాళ్లు కూడా రావడం మానేశారు. అమ్మ తలుపు వేసుకుని ఉంటోందట.

నైట్‌షిఫ్ట్_నర్సు
తమ్ముడూ, ఇక చేసేది లేదనే మాట తప్పు. ఆ వాసన పుండులో చేరిన సూక్ష్మజీవుల వల్ల వస్తుంది, దానికి మందు ఉంది. మెట్రోనిడజోల్ చాలా చవకైన మాత్ర. నోటి ద్వారా ఇస్తాం, పొడి చేసి డ్రెస్సింగ్‌లో కూడా వాడతాం. కొద్ది రోజుల్లోనే తేడా తెలుస్తుంది. రక్తం పోతుంటే దానికీ చేయగలిగినవి ఉన్నాయి. మీకు తిరుపతి అలిపిరి దగ్గర టాటా ట్రస్టుల క్యాన్సర్ ఆసుపత్రి ఉంది. వెల్లూరు సీఎంసీలో పాలియేటివ్ విభాగం పాతది, మంచి పేరున్నది. ఎక్కడికి వెళ్లలేకపోయినా ముందు పాలియం ఇండియా అనే పాలియేటివ్ కేర్ సంస్థ హెల్ప్‌లైన్‌కి ఫోన్ చేయించండి, దగ్గర్లో ఎవరున్నారో చెప్తారు. మోతాదులు మాత్రం డాక్టరే రాయాలి.

కోనసీమ_కొబ్బరి
చెల్లెలికి బండి ఖర్చు గురించి ఆలోచించొద్దు అన్నా. ఇక్కడ ఇంతమందిమి ఉన్నాం, నాకు విడిగా మెసేజ్ పెట్టండి.

తెనాలి_అమ్మాయి
చాలా రోజులకి రాస్తున్నాను. గుంటూరులో మార్ఫిన్ రాశారు, విరేచనానికి మందు కూడా కలిపే ఇచ్చారు. మూడో రాత్రి నాన్న మంచం మీద పడుకున్నారని మరదలు ఫోన్ చేసి చెప్పింది. ఎంజైములు మొదలుపెట్టాక పెరుగన్నం అడిగి మరీ తింటున్నారట. ఇన్సూరెన్స్ పూర్తిగా నేను తీసుకున్నాను. బయాప్సీ స్లైడ్లు, పెట్ స్కాన్ సీడీ తమ్ముడు తెచ్చి పెట్టుకున్నాడు. టాటా మెమోరియల్ వాళ్ల నవ్య అనే ఆన్‌లైన్ సేవ ద్వారా రెండో అభిప్రాయం తీసుకున్నాం. ఇక్కడ చెప్పిన కీమోనే వాళ్లూ చెప్పారు, కాస్త తక్కువ మోతాదుతో మొదలుపెట్టమన్నారు.

నర్సు గారు చెప్పినట్టు నాన్నని అడిగాను. "తెలుసులేమ్మా. నువ్వొచ్చాక మాట్లాడుకుందాం, అమ్మని ముందు సిద్ధం చెయ్యాలి" అన్నారు. ఇన్నాళ్లూ మేం ఆయన్ని కాపాడుతున్నామనుకున్నాం. ఇప్పుడు రోజూ నాకు రాత్రి తొమ్మిదికి, ఆయనకి పొద్దున ఏడున్నరకి స్పీకర్ ఆన్‌లో పెట్టుకుంటాం. నేను గిన్నెలు తోముకుంటాను, ఆయన పేపరు చదువుకుంటారు. మాటలు లేకపోయినా లైన్ కట్ చేయం. నిన్న తను కుర్రతనంలో నాటకాలకి హార్మోనియం మోసిన సంగతి చెప్పారు, నాకు అసలు తెలియదు.

వెళ్తున్నాను. పిల్లల్ని మా ఆయన చూసుకుంటారు. లాయర్ అపాయం అంతా వివరంగా చెప్పారు. కంపెనీ ఎఫ్ఎంఎల్ఏ ఇచ్చింది, స్టాంపింగ్ ఆలస్యమైతే నాలుగు వారాలు అక్కణ్నుంచి పని చేయొచ్చని మెయిల్ ఇచ్చింది. ఆ తర్వాత ఏమవుతుందో తెలియదు, దానికి ఒప్పుకునే వెళ్తున్నాను.

ఐర్వింగ్_వాసి
మంచి నిర్ణయం. మొన్న కాస్త గట్టిగా రాశాను, కానీ ఇంత లెక్క చూసుకుని వెళ్తున్నందుకు సంతోషం. ఐ-797 (హెచ్1బీ ఆమోదపత్రం) ఒరిజినల్, మూడు నెలల పే స్టబ్‌లు, నాన్నగారి డాక్టరు లెటరు హ్యాండ్ బ్యాగులోనే ఉంచుకోండి. ముందు మామూలు అపాయింట్‌మెంట్ బుక్ చేసి, ఆ తర్వాతే అత్యవసరం కింద ముందుకి జరపమని అడగాలి.

ఇంటి_దగ్గరి_వాణ్ణి
దిగిన వారంలోనే మీ తమ్ముణ్ణి, మరదల్ని రెండు రోజులు ఎక్కడికైనా పంపించేయండి. వెళ్లమంటారు, వెళ్లరు. బలవంతంగా పంపించండి.

తెనాలి_అమ్మాయి
మరదలి పుట్టింటివాళ్లతో మాట్లాడేశాను. శ్రావణమాసం నోముకి పిలుస్తున్నట్టు వాళ్లే పిలుస్తారు.

కువైట్_రాయచోటి
నర్సు అక్కా, చెల్లెలు హెల్ప్‌లైన్‌కి ఫోన్ చేసింది. తిరుపతి వెళ్లమన్నారు. కొబ్బరి గారు బండికి మాట్లాడారు, ఆయనకి ఏం చెప్పాలో తెలియడం లేదు. ఏ కాగితాలు తీసుకెళ్లాలి? అమ్మని తప్పకుండా తీసుకెళ్లాలా?

నైట్‌షిఫ్ట్_నర్సు
బయాప్సీ రిపోర్టు, రేడియేషన్ తర్వాత ఇచ్చిన డిశ్చార్జి సమ్మరీ, ఆఖరి స్కాన్, ఇప్పుడు వాడుతున్న మందుల చీటీ, వైద్య సేవ కార్డు, అమ్మదీ చెల్లెలిదీ ఆధార్. మొదటిసారి అమ్మని చూస్తేనే మార్ఫిన్ మోతాదు సరిగ్గా రాయగలరు, కాబట్టి వీలైతే తీసుకెళ్లాలి. తర్వాతి నెల మందులకి చెల్లెలు ఒక్కతే రావచ్చా అని ఆ రోజే అడిగి రమ్మనండి. కారులో వెనక సీటు మీద రబ్బరు షీటు, పైన పాత దుప్పటి వేయాలి. బయల్దేరే ముందు ఇప్పుడున్న నొప్పి మాత్ర వేయాలి. డాక్టరుతో మాట్లాడేటప్పుడు మీకు వీడియో కాల్ చేయమనండి, డ్యూటీలో ఉంటే బండి పక్కన ఆపి తీయండి.

కువైట్_రాయచోటి
సోమవారం పొద్దున బయల్దేరుతారు. నాకు ఆ రోజు మధ్యాహ్నం షిఫ్టు, మార్పించుకున్నాను.